గాజుసీసాలో జీవలోకం

ప్రాణికోటిని దగ్గరగా చూడాలనే కోరిక మానవునికి సహజమైనది. మన ప్రాచీన కవులు దీపశిఖ చుట్టూ పరిభ్రమించే శలభాన్ని చూశారు. చంచలమైన కన్నులను మీనాలతో పోల్చారు. కావ్యంలో సరోవర వర్ణన వచ్చినదంటే అందులో చేపలు మిట్టిపడవలసిందే. అయితే కవి చూపు ఒక క్షణాన్ని పట్టి నిలిపే చూపు. దీపంలో పడడానికి ముందు ఆ శలభం ఎక్కడ పుట్టింది, ఏ ఆకు తిని పెరిగింది, ఎన్నిసార్లు చర్మం విడిచింది అనే ప్రశ్నలతో కావ్యానికి పనిలేదు. ఆ ప్రశ్నలకు సమాధానం కావాలంటే ఒక ప్రాణిని వారాల తరబడి కంటి ఎదుట ఉంచుకొని, దాని అవసరాలను కనిపెట్టి పోషించాలి. సీతాకోకచిలుకలను, శలభాలను సేకరించి పెంచడం, గాజుతొట్టెలో చేపలను పెంచడం అనే రెండు అభిరుచులు అటువంటి జిజ్ఞాస నుండి పుట్టినవే.

శలభాలనే వాడుకలో చిమ్మటలు, దీపపు పురుగులు అంటారు. ఇవి సీతాకోకచిలుకలకు దగ్గరి చుట్టాలు. సీతాకోకచిలుకలు సాధారణంగా పగటివేళ తిరుగుతాయి. శలభాలలో అధికభాగం రాత్రివేళ సంచరిస్తాయి. సీతాకోకచిలుక మీసాల కొనలు గుండుసూది తలవలె లావుగా ఉంటాయి. శలభాల మీసాలు ఈకలవలెనో, దారపు పోగులవలెనో ఉంటాయి.

పైకి చూస్తే గాలిలో ఎగిరే ఈ ప్రాణులకు, నీటిలో ఈదే చేపలకు పొత్తు కుదరదనిపిస్తుంది. ఒకరికి వల, పెట్టె, లేత ఆకులు కావాలి. మరొకరికి తొట్టె, నీరు, ఇసుక కావాలి. కాని చరిత్రను పరిశీలిస్తే ఈ రెండు అభిరుచులు ఒకే గాజుసీసా దగ్గర కలుసుకున్నాయని తెలుస్తుంది. ఆ సీసా కథ తెలిస్తే, ప్రాణిని సేకరించడానికి, ప్రాణిని పోషించడానికి నడుమ ఉన్న భేదం కూడ తెలుస్తుంది.

పురుగును పోషించి చూసిన చిత్రకారిణి

మారియా సిబిల్లా మెరియన్ 1647లో జర్మనీ దేశంలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో జన్మించింది. ఆనాటి ఐరోపాలో పురుగులు బురదలోను, కుళ్ళిన పదార్థాలలోను వాటంతట అవే పుడతాయనే నమ్మకం బలంగా ఉండేది. గొంగళిపురుగుకు, సీతాకోకచిలుకకు ఉన్న సంబంధం సామాన్యులకు స్పష్టంగా తెలియదు. మెరియన్ 13 ఏళ్ళ వయసులోనే పట్టుపురుగులను పెంచి, వాటి దశలను గమనించి చిత్రించడం మొదలుపెట్టింది. అటుపిమ్మట ఇతర గొంగళిపురుగులను తెచ్చి, ఒక్కొక్కదానికి ఏ మొక్క ఆకు ఇష్టమో కనిపెట్టి, ఆ ఆకులు వేసి పెంచింది.

1679లో ఆమె ప్రచురించిన గొంగళిపురుగుల గ్రంథంలో ఒక విశేషం ఉన్నది. చచ్చిన సీతాకోకచిలుకను విడిగా చూపక, పురుగును, గూటిని, రెక్కల జీవిని, అవి బ్రతికే మొక్కను ఒకే చిత్రంలో నిలిపింది. మొక్క లేకుండా పురుగు లేదనే సత్యాన్ని ఆ చిత్రాలు చెప్పకనే చెప్పాయి. 1699లో, 52 ఏళ్ళ వయసులో, ఆమె తన చిన్న కుమార్తెతో కలిసి ఓడ ఎక్కి దక్షిణ అమెరికాలోని సూరినామ్‌కు ప్రయాణమైంది. అనారోగ్యం వల్ల 1701లో తిరిగి వచ్చినా, అక్కడి కీటకాల రూపపరివర్తనపై 1705లో గొప్ప గ్రంథం వెలువరించింది. సూది గుచ్చిన రెక్కలు ఎంత అందమైనవైనా అవి ఒక్క దశను మాత్రమే చూపుతాయి. మెరియన్ ప్రాణిని పోషించింది గనుకనే దాని సంపూర్ణ జీవితాన్ని చూడగలిగింది.

శలభం కోసం మూసిన సీసా

నేథనియల్ బాగ్‌షా వార్డ్ లండన్‌లో వైద్యుడు. ఆయనకు మొక్కలంటే ప్రీతి. కాని నాటి లండన్ ఫ్యాక్టరీల పొగకు ఆయన ఇంటి ఆవరణలో నాటిన ఫెర్న్ మొక్కలు బ్రతకలేదు. 1829లో ఆయన ఒక స్ఫింక్స్ జాతి శలభం ప్యూపాను తడిమట్టిలో ఉంచి, ఆ మట్టిని వెడల్పు మూతి గల గాజుసీసాలో పోసి మూతపెట్టారు. శలభం బయటికి వచ్చే సమయాన్ని చూడాలన్నదే ఆయన ఉద్దేశం.

రోజూ సీసాను గమనిస్తుండగా మరొక వింత కనిపించింది. పగటి వేడికి మట్టిలోని తడి ఆవిరై పైకి లేచి, సీసా గోడలకు చెమ్మగా పట్టి, చుక్కలుగా తిరిగి మట్టిలోకి జారుతున్నది. నీరు బయటికి పోవడం లేదు. మట్టి ఎండిపోవడం లేదు. కొన్నాళ్ళకు ఆ మట్టిలో ఒక చిన్న ఫెర్న్ మొక్క, ఒక గడ్డిమొక్క మొలకెత్తాయి. ఆరుబయట ఎంత శ్రమించినా బ్రతకని ఫెర్న్, మూసిన సీసాలో పచ్చగా పెరిగింది. పొగ లోపలికి రాలేదు. తడి బయటికి పోలేదు. అదే అందులోని రహస్యం.

ఆ విధంగా పుట్టిన గాజుపెట్టెకు 'వార్డియన్ పెట్టె' అనే పేరు వచ్చింది. దానిలో మొక్కలను ఉంచి నెలల తరబడి సముద్రయానం చేయడం సాధ్యమైంది. చైనా నుండి తేయాకు మొక్కలు హిమాలయ ప్రాంతాలకు వచ్చినది ఇటువంటి పెట్టెలలోనే. శలభం కోసం మూసిన సీసా ఒక దేశపు పంటను మరొక దేశానికి చేర్చినదన్నమాట.

సీసాలోకి నీరు, నీటిలోకి చేప

మూసిన గాజులో మొక్క బ్రతకగలిగినప్పుడు, నీటిమొక్క తోడుతో చేప కూడ బ్రతకగలదా అనే ప్రశ్న సహజంగానే పుట్టింది. అప్పటికి చేపలను గాజుపాత్రలలో ఉంచేవారు లేకపోలేదు. కాని నీటిని తరచుగా మార్చకపోతే చేపలు చచ్చిపోయేవి. 1849లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త లండన్‌లో ఒక ప్రయోగం ప్రారంభించారు. సుమారు 55 లీటర్ల నీరు పట్టే పాత్రలో రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లను వదిలి, పొడవైన రిబ్బను వంటి ఆకులు గల వాలిస్నేరియా అనే నీటిమొక్కను నాటారు. చేపలు విడిచే కార్బన్ డయాక్సైడును మొక్క గ్రహిస్తుంది; మొక్క విడిచే ఆక్సిజన్‌ను చేపలు పీలుస్తాయి. లెక్క సరిపోయినట్లే కనిపించింది.

కాని కొన్ని రోజులకు మొక్క పాత ఆకులు కుళ్ళి, నీరు మురికి పట్టసాగింది. వారింగ్టన్ చెరువులో జరిగేదేమిటో ఆలోచించి, అయిదారు నీటినత్తలను తెచ్చి పాత్రలో వేశారు. నత్తలు కుళ్ళిన ఆకులను, నాచును తిన్నాయి. నీరు తేటపడింది. నత్తలు పెట్టిన గుడ్లు చేపలకు ఆహారమయ్యాయి. ఒకరి వ్యర్థం మరొకరికి ఆహారమైన ఈ ఏర్పాటును ఆయన 1850 మార్చిలో లండన్ రసాయన శాస్త్ర సంఘానికి వివరించారు. చేప, మొక్క, నత్త అనే మూడింటిలో ఏ ఒక్కటి తక్కువైనా ఆ చిన్నలోకం నిలిచేది కాదు.

రెండు అభిరుచులూ గల మనిషి

ఈ రెండు మార్గాలు ఒకే వ్యక్తి జీవితంలో కలిసినది ఫిలిప్ హెన్రీ గాస్ విషయంలో. ఆయన 1810లో ఇంగ్లండులో జన్మించారు. 17వ ఏట న్యూఫౌండ్‌లాండ్ దీవిలో గుమాస్తా ఉద్యోగానికి వెళ్ళి, అక్కడ తీరిక వేళల్లో కీటకాలను సేకరించడం అలవరచుకున్నారు. అనంతరం కెనడా, అలబామా, జమైకా ప్రాంతాలలో నివసించి సీతాకోకచిలుకలను, పక్షులను పరిశీలించారు. ఆరోగ్యం కోసం 1852లో డెవన్ సముద్రతీరానికి చేరినప్పుడు ఆయన దృష్టి రాతిగుంటలలోని ప్రాణుల మీద పడింది. ఆటుపోట్ల నడుమ రాళ్ళ సందులలో నిలిచే నీటిగుంటలలో పువ్వులను పోలిన సముద్రజీవులు, పీతలు, చిన్న చేపలు కనువిందు చేస్తుండేవి. సముద్రపు నాచు సాయంతో ఆ జీవులను గాజుతొట్టెలో బ్రతికించే పద్ధతులను ఆయన రూపొందించారు.

1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజల కోసం తొలి 'చేపల ఇల్లు' తెరచుకున్నది. దానికి జీవులను సేకరించి ఇచ్చినవారిలో గాస్ ప్రముఖులు. 1854లో ఆయన రచించిన 'ది అక్వేరియం' అనే గ్రంథం విశేష ప్రజాదరణ పొందింది. 'అక్వేరియం' అనే పేరు లోకంలో స్థిరపడడానికి ఆ గ్రంథమే ముఖ్య కారణం. ఇంగ్లండులో గాజు మీద పన్ను 1845లోనే రద్దయినందువల్ల గాజు చవకైంది. రైలుమార్గాలు తీరాన్ని నగరాలకు దగ్గర చేశాయి. మధ్యతరగతి ఇళ్ళ ముందుగదులలో గాజుతొట్టెలు వెలిశాయి.

వృద్ధాప్యంలో గాస్ తిరిగి తన తొలి అభిరుచికి చేరుకున్నారు. ఆసియా ఖండపు పెద్ద పట్టుశలభాలను తెప్పించి ఇంట పెంచారు. రెక్కలు విప్పితే అరచేతిని మించే అట్లాస్ శలభాన్ని గురించి 1879లో ఒక చిన్న పుస్తకం వెలువరించారు. 1888లో ఆయన మరణించారు.

ఇంతవరకు ఇది ఒక జిజ్ఞాసువు విజయగాథ. దీనికి రెండవ పార్శ్వం ఉన్నది. గాస్ గ్రంథాలు చదివిన వేలాదిమంది బుట్టలతో, ఉలులతో డెవన్ తీరానికి బయలుదేరారు. రాతిగుంటలను తవ్వి, కనిపించిన ప్రతి జీవిని పట్టుకుపోయారు. పట్టుకుపోయిన వాటిలో అధికభాగం ఇంటికి చేరిన కొద్దిరోజులకే చచ్చిపోయేవి. మళ్ళీ కొత్తవాటి కోసం వచ్చేవారు. వేల ఏళ్ళుగా ఎవరూ తాకని ఆ గుంటలు కొద్దికాలంలోనే బోసిపోయాయి. గాస్ కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో వెలువరించిన 'ఫాదర్ అండ్ సన్' అనే గ్రంథంలో ఈ విషాదాన్ని వర్ణించాడు. ప్రకృతిని అంతగా గౌరవించిన తన తండ్రే, తాను ఏనాడూ ఊహించని విధ్వంసానికి కారకుడయ్యాడని, అందుకు ఆయన ఎంతో బాధపడ్డాడని పేర్కొన్నాడు.

ఈ ఎడ్మండ్ గాస్ పేరు మన ప్రాంతపు సాహిత్య చరిత్రకు కూడ సంబంధించినదే. హైదరాబాదులో జన్మించిన సరోజినీ నాయుడు ఇంగ్లండులో చదువుకునే రోజులలో, ఆంగ్ల ప్రకృతిని అనుకరించక తన దేశపు జీవితాన్నే కవిత్వంలో పలికించమని సలహా ఇచ్చిన విమర్శకుడు ఆయనే. 1905లో వెలువడిన తన తొలి ప్రసిద్ధ కావ్యసంపుటి 'ది గోల్డెన్ త్రెషోల్డ్'ను ఆమె ఆయనకే అంకితం చేసింది. ఎక్కడి ప్రాణికి, ఎక్కడి పలుకుకు అక్కడి నేలే ఆధారమని, తండ్రి తొట్టెల నడుమ పెరిగిన కుమారుడు గ్రహించాడనుకోవడం అసమంజసం కాదు.

కరివేపాకు చెట్టు మీది చదువు

గాస్ కాలపు పొరపాటు జరగకుండా ఈ అభిరుచిని పాటించడం ఎలా? సీతాకోకచిలుకల విషయంలో మన పెరటిలోని కరివేపాకు చెట్టో, నిమ్మచెట్టో మంచి పాఠశాల. నిమ్మ సీతాకోకచిలుక లేత ఆకుల మీద ఆవగింజకన్న చిన్నవైన లేత పసుపు గుడ్లను ఒక్కొక్కటిగా పెడుతుంది. మూడు, నాలుగు రోజులలో గుడ్డు నుండి పురుగు వెలువడుతుంది. తొలిదశలలో అది నలుపు, తెలుపు మచ్చలతో పక్షిరెట్టవలె కనిపిస్తుంది. పక్షులు దానిని తినదగినదిగా భావించవు. నాలుగుసార్లు చర్మం విడిచి అయిదవ దశకు చేరేసరికి ఆకుపచ్చగా మారి ఆకులలో కలిసిపోతుంది. దానిని కదిలిస్తే తల వెనుక నుండి కొమ్ముల వంటి అవయవాన్ని చాచి ఘాటైన వాసన విడుస్తుంది. ఇవన్నీ ఒక బలహీనమైన ప్రాణి తనను కాపాడుకునే ఉపాయాలు.

పెంచదలచినవారు గాలి ఆడే పెట్టెలో పురుగును, అది తింటున్న చెట్టు కొమ్మతో సహా ఉంచాలి. ప్రతి జాతికి దాని ఆహారపు మొక్క నియతంగా ఉంటుంది. నిమ్మ, కరివేపాకు తినే పురుగుకు జిల్లేడు ఆకు వేస్తే అది తినక మాడి చచ్చిపోతుంది. జిల్లేడు తినే పురుగు మరొకటి ఉన్నది. అది ఆ పాలలోని విషాన్ని తన ఒంటిలో దాచుకొని, సీతాకోకచిలుకగా మారిన తరువాత కూడ పక్షుల నుండి రక్షణ పొందుతుంది. ఆకులను ప్రతిరోజు మార్చాలి, పురుగుల మందు చల్లిన ఆకులను వాడరాదు, రెట్టలను తీసివేయాలి. చర్మం విడిచే సమయంలో పురుగు కదలకుండా ఉంటుంది. అప్పుడు దానిని తాకరాదు.

పూర్తిగా పెరిగిన పురుగు ఒక పుల్లను ఆశ్రయించి, నడుముకు సన్నని పట్టుదారం చుట్టుకొని ప్యూపాగా మారుతుంది. బయటికి నిశ్చలంగా కనిపించే ఆ గూటిలో పురుగు దేహభాగాలు చాలవరకు కరిగి, కొత్త రెక్కలు, కాళ్ళు, మీసాలు రూపొందుతాయి. వాటికి మూలమైన కణసమూహాలు పురుగు దేహంలో ముందునుండే సిద్ధంగా ఉంటాయి. సుమారు పది రోజులకు వెలువడే సీతాకోకచిలుక రెక్కలు ముడుతలు పడి తడిగా ఉంటాయి. అది తలకిందులుగా వ్రేలాడుతూ తన దేహంలోని ద్రవాన్ని రెక్కల నాళాలలోకి పంపుతుంది. అప్పుడు రెక్కలు విచ్చుకొని గట్టిపడతాయి. వ్రేలాడడానికి చోటు లేక క్రిందపడితే రెక్కలు వంకరగా ఎండిపోయి, ఆ ప్రాణి ఇక ఎగరలేదు. పెట్టెలో ఒక పుల్ల, చాలినంత చోటు ఉంచడం అనే చిన్న ఏర్పాటు మీద ఒక జీవితం ఆధారపడి ఉన్నది.

కొన్నిసార్లు ప్యూపా నుండి సీతాకోకచిలుకకు బదులు చిన్న కందిరీగ వెలువడవచ్చు. పురుగు లోపల గుడ్లు పెట్టి పెరిగే పరాన్నజీవులవి. చూసేవారికి నిరాశ కలిగినా, అది కూడ ప్రకృతిలోని పద్ధతే. అటువంటి కందిరీగలు లేకపోతే తోటలలో ఆకు మిగలదు.

శలభాలను పెంచి బ్రతికే కుటుంబాలు మన ప్రాంతంలో ఉన్నాయి. తెలంగాణలోని మహాదేవపూర్, చెన్నూరు ప్రాంతాలలో దసలి పట్టుపురుగులను గదులలో గాక మద్దిచెట్ల మీదనే పెంచుతారు. పక్షులు, చీమలు వాటిని ఎత్తుకుపోకుండా పగలంతా కాపలా కాస్తారు. ఆ కాపలాదారులకు పురుగు నడక, మేత, చర్మం విడిచే వేళ కొట్టినపిండి. గూటి నుండి వెలువడిన దసలి శలభం ఆహారం తీసుకోదు. పురుగుగా ఉన్నప్పుడు తిన్న ఆకు బలంతోనే కొద్దిరోజులు జీవించి, గుడ్లు పెట్టి మరణిస్తుంది.

తొట్టెలోని కనిపించని సేవకులు

వారింగ్టన్ తన తొట్టె నిలకడకు కారణం మొక్క, నత్త అని భావించారు. అది నిజమే గాని సంపూర్ణ సత్యం కాదు. చేపలు విసర్జించే వ్యర్థాల నుండి, మిగిలిపోయి కుళ్ళిన ఆహారం నుండి అమ్మోనియా పుడుతుంది. అది చేపల మొప్పలను దెబ్బతీసే విషం. ఇసుకలో, రాళ్ళపై, ఫిల్టరులో నివసించే ఒక రకం సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తాయి. నైట్రైటు కూడ చేపలకు ప్రమాదకరమే. మరొక రకం సూక్ష్మజీవులు దానిని నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు హాని చాలా తక్కువ; దానిని మొక్కలు ఎరువుగా గ్రహిస్తాయి.

ఈ మార్పు రెండు అంచెలలో జరుగుతుందని పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగంలో నిరూపించినవారిలో ముఖ్యుడు వారింగ్టన్ కుమారుడే. అతని పేరు కూడ రాబర్ట్ వారింగ్టన్. అతడు తొట్టెలో గాక పొలం మట్టిలో ఈ పరిశోధన చేశాడు. తండ్రి నిలబెట్టిన తొట్టె ఎందుకు నిలిచినదో తెలిపే సూత్రం కుమారుని చేతికి మరొక దారిలో అందింది.

కొత్తగా తొట్టె కొన్నవారు అదే రోజు పది చేపలను వదిలి, వారం తిరగకముందే అవి చచ్చిపోతే దుకాణదారుని నిందించడం తరచుగా జరుగుతుంది. నిజానికి కొత్త తొట్టెలో ఆ సూక్ష్మజీవులు ఇంకా పెరిగి ఉండవు. అవి చాలినంతగా వృద్ధి చెందడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అందుచేత మొదట ఒకటి, రెండు చేపలతో ప్రారంభించి, నిదానంగా సంఖ్య పెంచాలి. కుళాయి నీటిలోని క్లోరిన్ చేపలకు, సూక్ష్మజీవులకు కూడ శత్రువే. ఆ నీటిని ఒకరోజు తెరచి ఉంచిన తరువాత వాడడం మంచిది. కొన్నిచోట్ల నీటిలో కలిపే క్లోరమైన్ అలా పోదు. దానికి విరుగుడు మందు కలపాలి. వారానికొకసారి నాలుగవ వంతు నీటిని మార్చాలి గాని, తొట్టెనంతా ఖాళీ చేసి కడగరాదు. అలా కడిగితే మురికితోపాటు సేవకులు కూడ పోతారు.

కోనేటిలో చేపలకు మరమరాలు వేసే అలవాటుతో ఇంటి తొట్టెలో కూడ గుప్పెడు ఆహారం చల్లేవారున్నారు. రెండు, మూడు నిమిషాలలో తినగలిగినంత మాత్రమే వేయాలి. చేపలను ఆకలి కన్న అతిప్రేమే ఎక్కువగా చంపుతుంది.

కంచె కాపాడలేని సీతాకోకచిలుక

ప్రాణిని తెలుసుకోకుండా కాపాడడం సాధ్యం కాదని నిరూపించే ఉదంతం ఇంగ్లండులోనే జరిగింది. 'లార్జ్ బ్లూ' అనే నీలి సీతాకోకచిలుక అక్కడ అరుదైపోతుండగా, సేకరించేవారి అత్యాశే దానికి కారణమని అందరూ భావించారు. ఒకచోట దాని నివాసానికి కంచె వేసి మనుషులను రానీయలేదు. అయినా అది అక్కడ అంతరించింది. 1979 నాటికి ఆ దేశంలో ఒక్కటి కూడ మిగలలేదు.

జెరెమీ థామస్ అనే శాస్త్రవేత్త 1970లలో దీని జీవితాన్ని నిశితంగా పరిశీలించి కారణం కనుగొన్నారు. దాని పురుగు మొదట కొద్దివారాలు థైమ్ అనే సువాసన మొక్క పూలను తిని, తరువాత నేలమీదికి రాలుతుంది. ఒక జాతి ఎర్రచీమలు దానిని తమ పిల్లగా భ్రమించి పుట్టలోకి మోసుకుపోతాయి. అక్కడ అది నెలల తరబడి చీమల పిల్లలను తిని పెరుగుతుంది. ఆ జాతి చీమ ఎండ బాగా తగిలే, గడ్డి పొట్టిగా ఉన్న నేలలోనే నివసిస్తుంది. పశువులు మేయడం మానినచోట, 1950లలో రోగం వల్ల కుందేళ్ళు చచ్చిపోయినచోట గడ్డి ఎత్తుగా పెరిగి నేల చల్లబడింది. చీమ పోయింది, చీమతో సీతాకోకచిలుక పోయింది. కంచె మనుషులతోపాటు పశువులను కూడ ఆపి, మేలుకు బదులు కీడు చేసింది. ఈ సంగతి తెలిసిన తరువాత గడ్డిని పశువులచేత మేపి, 1983 నుండి స్వీడన్ దేశపు సీతాకోకచిలుకలను తెచ్చి వదలగా, ఆ జాతి ఇంగ్లండులో తిరిగి నిలదొక్కుకున్నది.

పెంచేవారి బాధ్యత

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్ళలో అనేక సీతాకోకచిలుకల జాతులు చేరి ఉన్నాయి. ఆ చట్టానికి 2022లో జరిగిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చింది. షెడ్యూళ్ళలోని జాతులను అనుమతి లేకుండా పట్టడం, చంపడం, అమ్మడం నేరం. విద్యార్థి సరదాకు అడవికి పోయి వల విసరవలసిన అవసరం లేదు. పెరటిలో కనిపించే సాధారణ జాతి గుడ్లను రెండు, మూడింటిని పెంచి, రెక్కలు గట్టిపడగానే పుట్టిన చెట్టు దగ్గరే వదిలివేయడం ఉత్తమ పద్ధతి.

చేపల విషయంలో బాధ్యత మరొక రకమైనది. సీతాకోకచిలుకను వదలడం ధర్మమైతే, అక్వేరియం చేపను చెరువులో వదలడం అధర్మం. తొట్టె గాజుకు పట్టిన నాచు తింటుందని కొనే దక్షిణ అమెరికా జాతి చేప చిన్నప్పుడు ముచ్చటగా ఉంటుంది. పెరిగి పెద్దదై తొట్టెలో పట్టదు. జాలిపడి కాలువలో వదిలిన ఆ చేపలు మన చెరువులలో, కాలువలలో విస్తరించాయి. గట్టి పొలుసుల కవచం, ముళ్ళు గల ఈ చేపను మత్స్యకారులు దెయ్యపు చేప అంటారు. అది వలలను చింపుతుంది. పట్టినా దానిని కొనేవారుండరు. ఒక ఇంటిలోని జాలి మరొక ఇంటి జీవనాధారానికి గండి కొట్టినదన్నమాట.

కొనేటప్పుడు కూడ ఆలోచన అవసరం. పశ్చిమ కనుమల వాగులలో జీవించే 'మిస్ కేరళ' అనే ఎర్రగీత చేప అందమే దానికి శత్రువైంది. అక్వేరియం వ్యాపారం కోసం విస్తారంగా పట్టడం వల్ల దాని సంఖ్య తగ్గి, ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేరింది. దానిని పెంపకంలోనే పిల్లలు పెట్టించే పద్ధతులు తరువాత రూపొందాయి. వాగు నుండి పట్టిన చేపనా, పెంపకంలో పుట్టిన చేపనా అని దుకాణంలో అడిగే అలవాటు ప్రతి కొనుగోలుదారునికి ఉండాలి. డెవన్ తీరానికి వెళ్ళినవారు ఆనాడు అడగనిది అటువంటి ప్రశ్ననే.

మెరియన్ చిత్రంలో పురుగు పక్కన మొక్క ఉన్నది. వార్డ్ సీసాలో ప్యూపా పక్కన ఫెర్న్ మొలిచింది. వారింగ్టన్ తొట్టెలో చేప పక్కన నత్త చేరింది. లార్జ్ బ్లూ పక్కన చీమ ఉన్నది. ఏ ప్రాణీ ఒంటరిగా బ్రతకదని ఈ నాలుగు ఉదాహరణలు తెలుపుతున్నాయి. సేకరించేవాడు ప్రాణిని దాని చుట్టూ ఉన్నవాటి నుండి వేరుచేసి తెస్తాడు. పోషించేవాడు ఆ చుట్టూ ఉన్నవాటిని కూడ సమకూర్చే భారం వహిస్తాడు. కరివేపాకు చెట్టు మీద గుడ్డును గుర్తించిన విద్యార్థి, ఆ చెట్టుకు మందు చల్లవద్దని ఇంటివారికి చెప్పిన రోజున ఆ భారం వహించడం మొదలుపెట్టినట్లే.